పైన్ కలపలో ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోంది: బెరడు కింద గీకడం నుంచి క్యూపీసీఆర్ లెక్క దాకా

విశాఖలో పైన్ చెట్టు చూపించమంటే చాలామంది సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోపు వైపు చెయ్యి చూపిస్తారు. సన్నటి పచ్చటి పుల్లలు, చిట్టి కాయలు, గాలికి అదే హోరు. కానీ సరుగుడు పూలు పూసే చెట్ల కుటుంబానిది. దాని కలపలో దారునాళాలు ఉంటాయి, కణగోడలను గట్టిపరిచే లిగ్నిన్‌లో సిరింజిల్ భాగం ఉంటుంది. పైన్ కలప ఈ రెండింటిలోనూ వేరు. నాళాలు ఉండవు, ఘనపరిమాణంలో 90 శాతానికి పైగా పొడవాటి దారుకణాలే, లిగ్నిన్ దాదాపు అంతా గ్వాయాసిల్ రకం. పైన్ చెట్టు వంగితే కాండం కిందివైపున సంపీడన కలప వేస్తుంది. పూలు పూసే చెట్లలో అలాంటి ప్రతిస్పందన సాధారణంగా పైవైపున వస్తుంది. కాబట్టి పైన్ కోసం రాసిన పద్ధతిని సరుగుడు మీద, సరుగుడు కోసం రాసినదాన్ని పైన్ మీద వాడితే ఫలితం చదవడానికి పనికిరాదు.

ఊళ్లో నిజమైన కోనిఫర్లు (పైన్ లాంటి, పూలు పూయని చెట్ల వర్గం) లేకపోలేదు. ఇళ్ల ముందు క్రిస్మస్ చెట్టు పేరుతో పెంచే అరకేరియా, తోటల్లో కనిపించే తూజా రెండూ ఆ వర్గానివే. అయితే ఇవి పైన్‌కు చాలా దూరపు చుట్టాలు. పైన్ జన్యు క్రమాలతో తయారుచేసిన ప్రైమర్లు (కొలవాల్సిన జన్యువును పట్టుకునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) వీటి మీద పనిచేస్తాయని నమ్మకం పెట్టుకోవద్దు. అందుకే అరకు వైపు కొండల్లో నాటిన పైన్ చెట్ల నమూనాలు తెచ్చి విశాఖలో ప్రయోగశాల పని చేయడం మేలు. ఈ వ్యాసం ఆ దారినే చెబుతుంది. పీజీ ప్రాజెక్టు చేసేవారికి, పరిశోధనలో కొత్తగా చేరినవారికి ఇది సరిపోతుంది.

ముందు తెలియాల్సింది: ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఏం జరుగుతుంది

బెరడు ఒలిచాక కనిపించే తడి పొర నుంచి లోపలికి వెళ్తుంటే కణాల వయసు పెరుగుతూ పోతుంది. మొదట కేంబియం, అంటే విభజన చెందే కణాలు. తర్వాత సాగుతున్న కణాలు, వాటికి పల్చటి ప్రాథమిక కణకవచం మాత్రమే ఉంటుంది. ఆపైన ద్వితీయ కణకవచం పేర్చుకుంటూ లిగ్నిన్ నింపుకునే కణాలు. చివరికి లోపలి సరుకంతా ఖాళీ చేసుకుని చనిపోయిన దారుకణాలు. ఇదంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలోనే సర్దుకుని ఉంటుంది. ప్రతి మండలానికీ తన జన్యువుల జట్టు వేరు.

ఈ మండలాలకు హద్దులు గీసేవాటిలో ఆక్సిన్ అనే హార్మోను ముఖ్యమైనది. 1996లో స్కాట్స్ పైన్ మీద పల్చటి పొరలు కోసి కొలిచినప్పుడు ఆక్సిన్ కేంబియం దగ్గర అత్యధికంగా ఉండి, రెండు వైపులా వేగంగా పడిపోతున్నట్టు తేలింది. హెచ్‌డీ-జిప్-3 కుటుంబపు ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు (ఇతర జన్యువుల పనిని నడిపే ప్రోటీన్లు) దారువు వైపు, అంటే కలపగా మారే కణజాలం వైపు, దిశను నిలబెడతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 166 వాటి సందేశ ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అదుపులో పెడుతుంది. కణం సాగడం ఆగి గోడ మందం కావడం మొదలయ్యేసరికి ఎన్‌ఏసీ కుటుంబపు కారకాలు రంగంలోకి దిగుతాయి. వాటి కింద ఎంవైబీ కారకాలు, ఆ ఎంవైబీల కింద ఎంజైముల జన్యువులు. లాబ్లాలీ పైన్‌లో బాగా పరిశీలించిన ఎంవైబీలు 1, 4, 8 నంబరువి. ఎంవైబీ-4 ప్రోటీను లిగ్నిన్ జన్యువుల ప్రమోటర్లలో (జన్యువు ముందుండే, దాని పనిని మొదలుపెట్టించే భాగాల్లో) ఉండే ఏసీ మూలకాలకు అంటుకుంటుంది. ఇవి ఎడెనిన్, సైటోసిన్‌లు ఎక్కువగా ఉండే పొట్టి క్రమాలు. మారిటైమ్ పైన్‌లో ఎన్‌ఏసీ-1, ఎంవైబీ-8 ఫినైల్‌అలనిన్ తయారీ దారిని కూడా నడిపిస్తాయి. లిగ్నిన్‌కు ముడిసరుకు ఫినైల్‌అలనినే కాబట్టి, సరఫరా, వాడకం రెండూ ఒకే పెద్దరికం కింద ఉన్నట్టు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. జన్యువుల సందేశం ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్ యంత్రం మీరు ఇచ్చిన పొడిలోని కణాలన్నిటి సగటు మాత్రమే చెబుతుంది. గీకినప్పుడు బ్లేడు కాస్త లోతుకు దిగితే లిగ్నిన్ జన్యువులు పెరిగినట్టు కనిపిస్తాయి. నిజానికి జన్యువు పెరగలేదు, ఆ రకం కణాలు ఎక్కువ పడ్డాయి. ఈ రంగంలో వచ్చే తప్పుడు ఫలితాల్లో ఎక్కువ భాగం గీకుడు దగ్గరే పుడతాయి. యంత్రం ఎంత ఖరీదైనదైనా దాన్ని సరిచేయలేదు.

ఏ జన్యువులు కొలవాలి

ఇరవై జన్యువులతో మొదలుపెట్టొద్దు. ఎనిమిది తొమ్మిది చాలు, కానీ అన్ని మెట్ల నుంచీ ఉండాలి. సాగే కణాలకు గుర్తుగా ఒక ఎక్స్‌పాన్సిన్ లేదా ప్రాథమిక గోడ సెల్యులోజ్ సింథేజ్. ద్వితీయ గోడకు గుర్తుగా ద్వితీయ గోడ సెల్యులోజ్ సింథేజ్ ఒకటి. లాబ్లాలీ పైన్‌లో ఈ పని చేసే సింథేజ్‌లు మూడు ఉన్నాయి. లిగ్నిన్ తయారీ ఎంజైముల దారిలో మొదట్లో పీఏఎల్, మధ్యలో సీసీఓఏఓఎంటీ, చివర్లో సీఏడీ, గోడలో గొలుసు కట్టే లాకేస్. పై అధికారులుగా ఎన్‌ఏసీ-1, ఎంవైబీ-4, ఎంవైబీ-8. నీలగిరి (యూకలిప్టస్) చెట్ల కోసం వేసిన పట్టిక చూసి ఎఫ్5హెచ్ కూడా చేర్చేవారున్నారు. అది సిరింజిల్ లిగ్నిన్ దారిది, పైన్‌లో దానికి పనిలేదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కూడా కొలవాలనుకుంటే ఇప్పుడే నిర్ణయించుకోండి. కింద చెప్పే లిథియం క్లోరైడ్ పద్ధతిలో చిన్న ఆర్‌ఎన్‌ఏలు సరిగా అవక్షేపం కావు, పైద్రవంతో పాటు పోతాయి. వాటికి ఆ మెట్టు వదిలేసి ఇథనాల్‌తో అవక్షేపం చేయాలి.

చెట్టు దగ్గర

అటవీ భూమిలో ఏ చెట్టు బెరడు ముట్టుకోవాలన్నా ముందు అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. ఎన్ని చెట్లు, ఒక్కో చెట్టు మీద ఎంత కిటికీ (నమూనా కోసం బెరడు ఒలిచే చోటు), గాయానికి ఏం పూస్తారు అన్నవి దరఖాస్తులోనే రాస్తే పని త్వరగా తెములుతుంది.

ఏ నెలలో వెళ్లాలన్నది అందరూ అడిగే ప్రశ్న. స్వీడన్, కెనడా పత్రాల్లోని నెలల పట్టీ ఇక్కడికి తేవద్దు. అక్కడ మంచు కరిగాక కేంబియం నిద్ర లేస్తుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నా చలికాలం అలాంటిది కాదు, పైగా జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. చెట్టునే అడగడం సులువు. కత్తితో రెండు సెంటీమీటర్ల చదరం కోసి కొనతో ఎత్తితే బెరడు చప్పుడు లేకుండా, ఒకే పలకగా, కింద తడి మెరుపుతో ఊడి రావాలి. అలా వస్తే కేంబియం పనిలో ఉన్నట్టు. పీచులు పీచులుగా చిరుగుతూ వస్తే ఆ రోజు నమూనా తీయకండి. వచ్చినా అందులో ఎదుగుతున్న దారువు చాలినంత ఉండదు.

నిటారుగా ఉన్న, ఒకే తోటలో ఒకే వయసు చెట్లు కనీసం అయిదు ఎంచుకోండి. వాలు మీద మొదలు దగ్గర వంగి పైకి లేచిన చెట్లు చూడటానికి నిటారుగానే కనిపిస్తాయి. వాటిలో సంపీడన కలప ఉంటుంది. ఘాట్ వాలుల మీద ఇది మామూలే, కాండాన్ని రెండు పక్కల నుంచీ చూడకుండా ఎంచుకోకండి. కొమ్మల ముడులకు కనీసం ముప్పై సెంటీమీటర్ల దూరంలో, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, నిలువు 10 సెంటీమీటర్లు, అడ్డం 5 సెంటీమీటర్ల కిటికీ చాలు. అన్ని చెట్లకూ కిటికీ ఒకే దిక్కున, అన్నిటికీ ఒకే పొద్దున. పదింటికి ఒక చెట్టు, సాయంత్రం నాలుగింటికి ఇంకో చెట్టు తీస్తే మీరు కొలిచేది పగటి లయను కూడా. గోడ తయారీ జన్యువుల్లో చాలావాటికి రోజువారీ ఎత్తుపల్లాలు ఉంటాయి.

ముందుగా బయటి ఎండు బెరడును ఉలితో పల్చబరచండి. తర్వాత నాలుగు అంచులూ కలప తగిలేదాకా కోసి బెరడు పలక ఊడదీయండి. ఊడిన క్షణం నుంచి గడియారం నడుస్తున్నట్టే లెక్క. కలప ముఖం మీద మెరిసే మెత్తటి పొరను కొత్త సర్జికల్ బ్లేడుతో, నిలువుగా పట్టి, లేత కొబ్బరి గీకినట్టు పైనుంచి కిందకు లాగండి. మెత్తగా, ముద్దగా వస్తున్నంతవరకే మీకు కావలసిన పదార్థం. బ్లేడు కరకరమని, పొడి పీచు రావడం మొదలైతే ఆగిపోండి. అక్కడి నుంచి చాలా కణాలు చనిపోయినవే. ఊడిన బెరడు పలక లోపలి ముఖాన్ని వేరే బ్లేడుతో గీకి వేరే ట్యూబులో వేయండి. అది పోషక కణజాలం వైపు నమూనా. దీన్ని చాలామంది పారేస్తారు. గీకుడు సరిగ్గా జరిగిందో లేదో చెప్పే సాక్షి అదే, ఎలాగన్నది తర్వాత చెబుతాం.

పలక ఊడిన నిమిషంలోపు నమూనా ద్రవ నత్రజనిలో పడాలి. ఆలస్యమైతే గాయానికి చెట్టు స్పందించే జన్యువులు లేస్తాయి. ఆ స్పందనలో పీఏఎల్ లాంటివి ముందువరుసలో ఉంటాయి కనుక మీ పట్టికే చెడుతుంది. అదే కారణంగా ఒకే కిటికీ పక్కన మరుసటి వారం ఇంకో కిటికీ తెరవొద్దు. చెట్టుకూ చెట్టుకూ మధ్య బ్లేడు మార్చండి. జిగురు అంటిన బ్లేడు పొరను కోయదు, లాగి చింపుతుంది. పని అయ్యాక గాయానికి బోర్డో పేస్టు పూసి వదలండి.

కొండ దిగేటప్పుడు

అరకు నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, దారిలో అనంతగిరి ఘాట్ మలుపులు చాలా. ద్రవ నత్రజని కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కేంద్రాల్లో వీర్యం స్ట్రాలను దీనిలోనే నిల్వ చేస్తారు, సరఫరాదారు ఎవరో వాళ్లకు తెలుస్తుంది. పది లీటర్ల కంటైనర్ ఒక రోజు పనికి ధారాళం. రెండు జాగ్రత్తలు ప్రాణానికి సంబంధించినవి. మూత బిగించి కట్టకూడదు, ఆవిరి బయటకు పోవడానికి దారి ఉండాలి. కారులో పెడితే అద్దాలు దింపి ఉంచాలి, ఏసీ వేసి మూసుకుంటే లోపలి ఆక్సిజన్ తగ్గిపోతుంది, వాసన కూడా రాదు. మలుపుల్లో ఒరిగిపోకుండా కంటైనర్‌ను నిటారుగా కట్టండి. రైల్లో తీసుకెళ్లే ఆలోచన మానుకోండి.

నత్రజని దొరకకపోతే ఆర్‌ఎన్‌ఏలేటర్ (కణజాలంలోని ఆర్‌ఎన్‌ఏను చెడకుండా కాపాడే ఉప్పు ద్రావణం) పనికొస్తుంది. కణజాలం అర సెంటీమీటరు కంటే మందంగా ఉండకూడదు, ద్రవం కనీసం అయిదు రెట్లు ఉండాలి. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర నానాక మైనస్ 20లోకి మార్చండి. గీకిన ముద్ద పల్చగా ఉంటుంది కనుక ద్రవం బాగానే ఇంకుతుంది. తర్వాత నూరేముందు ఆ ఉప్పు ద్రవాన్ని పూర్తిగా ఒత్తి తీయడం మరవకండి.

ఆర్‌ఎన్‌ఏ తీయడం

పైన్ దారువులో ఫినాలిక్ పదార్థాలు, చక్కెర గొలుసులు, జిగురు మూడూ ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ తీయడానికి సాధారణంగా వాడే ట్రైజాల్ ద్రావణంతో తీస్తే చాలాసార్లు గోధుమ రంగు గుళిక, దాంట్లో ఆర్‌ఎన్‌ఏ కొంచెం. పైన్ చెట్ల కోసమే 1993లో ప్రచురించిన సీటీఏబీ (ఒక డిటర్జెంట్) పద్ధతి ఇప్పటికీ నమ్మకస్తురాలు.

100 మిల్లీలీటర్ల బఫర్‌కు: సీటీఏబీ 2 గ్రాములు, పీవీపీ కే-30 2 గ్రాములు, సోడియం క్లోరైడ్ 11.7 గ్రాములు, పీహెచ్ 8.0 దగ్గర 1 మోలార్ ట్రిస్ 10 మిల్లీలీటర్లు, 0.5 మోలార్ ఈడీటీఏ 5 మిల్లీలీటర్లు, స్పెర్మిడిన్ 0.05 గ్రాము. డీఈపీసీ (ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములను చంపే రసాయనం) వేసి ఆటోక్లేవ్ చేసిన నీటితో నింపండి. ట్రిస్ ఉన్న ద్రావణంలో డీఈపీసీ నేరుగా వేయొద్దు, అది ట్రిస్‌తో చర్య జరిపి వృథా అయిపోతుంది. వాడే ముందు మాత్రమే, మిల్లీలీటరుకు 20 మైక్రోలీటర్ల చొప్పున బీటా-మెర్‌కాప్టోఇథనాల్ కలపండి, ఫ్యూమ్ హుడ్ కింద.

10 మోలార్ లిథియం క్లోరైడ్‌కు 100 మిల్లీలీటర్లలో 42.4 గ్రాములు. ఈ ఊరి గాలిలో ఇక్కడే తేడా వస్తుంది. లిథియం క్లోరైడ్ తేమను విపరీతంగా లాగుతుంది, వానాకాలంలో మూత తీసిన సీసా కొన్నాళ్లకే ముద్ద కడుతుంది. ముద్ద నుంచి తూచిన 42.4 గ్రాముల్లో నీరెంతో తెలియదు, గాఢత తక్కువై ఆర్‌ఎన్‌ఏ సగమే దిగుతుంది. కొత్త సీసా తెరిచిన రోజే మొత్తం ద్రావణంగా మార్చేయండి. కలిపేటప్పుడు వేడెక్కుతుంది, మంచులో పెట్టి కొద్దికొద్దిగా వేయండి.

పింగాణీ కల్వం, పొత్రం 180 డిగ్రీల దగ్గర 8 గంటలు కాల్చి, చల్లారాక ద్రవ నత్రజనితో చల్లబరచండి. నూరడం పిండిలా అయ్యేదాకా, నత్రజని ఎప్పుడూ ఆరిపోకుండా. ఉక్క రోజుల్లో చల్లటి కల్వం మీద గాలిలోని నీరు క్షణాల్లో మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు పొడిలో కలిస్తే బరువు తప్పుతుంది, కరిగితే ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములు మేల్కొంటాయి. ఏసీ ఉన్నా గాలి మారే గదిలో, ఒకసారికి ఒక నమూనా మాత్రమే నూరండి.

2 మిల్లీలీటర్ల ట్యూబులో 100 మిల్లీగ్రాముల పొడి, దాని మీద 65 డిగ్రీల వేడి బఫర్ 1 మిల్లీలీటరు. పొడి కరగకముందే బఫర్ పడాలి. వెంటనే వోర్టెక్స్ చేసి 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి, మధ్యలో రెండు మూడుసార్లు కుదపండి. 150 మిల్లీగ్రాములు దాటితే ద్రవం చిక్కబడి పొరలు విడిపోవు. ఎక్కువ పొడి వేస్తే ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ వస్తుందన్నది ఇక్కడ పనిచేయని లెక్క.

చల్లారాక సమాన పరిమాణంలో క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం వేసి బాగా కలిపి, 12,000 జీ వేగంతో 10 నిమిషాలు తిప్పండి. ఈ తిప్పుడు గది ఉష్ణోగ్రత దగ్గరే చేయాలి. సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల మీద పెట్టి ఉంటే సీటీఏబీ గడ్డకట్టి పైపొర తెల్లగా అయిపోతుంది. పైపొర తీసి ఇదే మళ్లీ చేయండి. మధ్యలో తెల్లటి పొర ఇంకా మందంగా ఉంటే మూడోసారి కూడా. చివర్లో 700 మైక్రోలీటర్ల పైద్రవం దక్కితే దానికి నాలుగో వంతు, అంటే 175 మైక్రోలీటర్ల లిథియం క్లోరైడ్ కలిపి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి.

మర్నాడు 4 డిగ్రీల దగ్గర 12,000 జీతో 30 నిమిషాలు. గుళికను 400 మైక్రోలీటర్ల ఎస్ఎస్‌టీఈలో కరిగించండి. అందులో 1 మోలార్ సోడియం క్లోరైడ్, 0.5 శాతం ఎస్‌డీఎస్, 10 మిల్లీమోలార్ ట్రిస్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉంటాయి. ఇంకోసారి క్లోరోఫామ్ మిశ్రమంతో కడిగి, రెండింతల ఇథనాల్ కలిపి మైనస్ 20లో రెండు గంటలు ఉంచండి. 20 నిమిషాలు తిప్పి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, అయిదు పది నిమిషాలు ఆరబెట్టి 30 మైక్రోలీటర్ల నీటిలో తీసుకోండి. మరీ ఎండబెడితే గుళిక కరగదు.

గుళిక గోధుమ రంగులో ఉంటే మెర్‌కాప్టోఇథనాల్ పాతబడి ఉండాలి, లేదా పొడి దారిలో కరిగి ఉండాలి. పారదర్శకంగా, జెల్లీలా ఉండి కరగకపోతే చక్కెర గొలుసులు. మళ్లీ మొదటి నుంచి సగం పొడితో చేయడమే తేలిక, శుద్ధి చేసుకుంటూ కూర్చోవడం కంటే.

నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 2.0 దగ్గర, 260/230 కనీసం 1.8 ఉండాలి. రెండోది తక్కువైతే ఇంకోసారి ఇథనాల్ కడుగు. ఈ అంకెలు శుభ్రత చెబుతాయి గాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలైందో లేదో చెప్పవు. అందుకు జెల్ మీద రైబోసోముల ఆర్‌ఎన్‌ఏకు చెందిన 25ఎస్, 18ఎస్ పట్టీలు రెండూ పదునుగా, పైది బలంగా కనిపించాలి. బయోఎనలైజర్ ఉంటే ఆర్ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) 7 పైన ఉన్నవే ముందుకు తీసుకెళ్లండి.

డీఎన్‌ఏ తొలగింపు, ప్రైమర్లు

పైన్ జీనోమ్ మహా పెద్దది. లాబ్లాలీ పైన్‌ది సుమారు 22 గిగాబేస్‌లు, మనిషి జీనోమ్‌కు ఏడింతలు. అందులో పనిచేయని నకిలీ జన్యువులు బోలెడు. కొన్ని నకిలీలకు ఇంట్రాన్లు కూడా ఉండవు. కాబట్టి ఇంట్రాన్ దాటే ప్రైమర్లు పెట్టుకున్నాం, డీఎన్‌ఏ మలినం ఉన్నా పర్లేదన్న ధీమా పైన్‌లో చెల్లదు. డీఎన్ఏస్ (డీఎన్‌ఏను కోసేసే ఎంజైము) చర్య తప్పనిసరి, ప్రతి నమూనాకూ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైము) వేయని జంట ట్యూబు తప్పనిసరి. ఆ జంటలో సీటీ విలువ (సంకేతం కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య, తక్కువైతే సందేశం ఎక్కువ) అసలుకంటే కనీసం 7 చక్రాలు ఆలస్యంగా రావాలి. 7 చక్రాలంటే 128 రెట్ల తేడా, మలినం ఒక శాతం లోపే అన్నమాట.

అరకు చెట్టు ఏ జాతో ముందు తేల్చుకోండి. కట్టకు ఎన్ని సూదుల్లాంటి ఆకులు, వాటి పొడవు, కాయ ఆకారం చూసి వృక్షశాస్త్ర విభాగం వారితో ఖరారు చేయించి ఒక హెర్బేరియం నమూనా దాచండి. కరీబియన్ పైన్ గాని, పాటులా పైన్ గాని అయితే లాబ్లాలీ పైన్ దగ్గరి బంధువే కాబట్టి ట్రీజీన్స్ డేటాబేస్‌లోని లాబ్లాలీ క్రమాలు ఆధారంగా ప్రైమర్లు పెట్టొచ్చు. ఒకే కుటుంబంలో పోలికున్న జన్యువులు చాలా ఉంటాయి. ఎంవైబీలకు డీఎన్‌ఏకు అంటుకునే భాగంలో ప్రైమర్ పెడితే కుటుంబమంతా పలుకుతుంది. చివరి 3 ప్రైమ్ వైపు, ఒక్కో సభ్యుడికి ప్రత్యేకంగా ఉండే చోట పెట్టండి. ఉత్పత్తి పొడవు 80 నుంచి 150 బేస్ జతలు, కరిగే ఉష్ణోగ్రత 60 డిగ్రీల దగ్గర. వచ్చిన ఉత్పత్తిని ఒక్కసారైనా శాంగర్ సీక్వెన్సింగ్ చేయించండి. మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం వచ్చినంత మాత్రాన అది మీరు కోరుకున్న జన్యువే అని రుజువు కాదు.

క్యూపీసీఆర్, లెక్క

1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏతో 20 మైక్రోలీటర్ల సీడీఎన్‌ఏ చేసి పదింతలు పలచన చేయండి. 10 మైక్రోలీటర్ల చర్యలో 5 మైక్రోలీటర్ల సైబర్ మిశ్రమం, ఒక్కో ప్రైమర్ 0.3 మైక్రోమోలార్, సీడీఎన్‌ఏ 2 మైక్రోలీటర్లు, మిగతా నీరు. 95 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, తర్వాత 95లో 10 సెకన్లు, 60లో 30 సెకన్లు, 40 చక్రాలు. ప్రతి ప్రైమర్ జతకూ అయిదింతల చొప్పున అయిదు పలచనలతో ప్రామాణిక రేఖ గీయండి. సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉంటేనే ఆ జత వాడండి.

రిఫరెన్స్ జన్యువుల (మారకుండా ఉంటాయనుకుని పోలికకు పెట్టుకునేవాటి) దగ్గర ఎక్కువమంది జారిపడతారు. ట్యూబ్యులిన్, యాక్టిన్ వేరే కణజాలాల్లో నిలకడగా ఉండొచ్చు, కలప కణాల్లో ట్యూబ్యులిన్ స్వయంగా గోడ నిర్మాణంలో పాల్గొనే జన్యువు. ఊహించిన అంకెలతో చూడండి. వంచిన మొక్క కిందివైపు లాకేస్ సీటీ 22.4, మంచి రిఫరెన్స్‌ల సగటు 19.0, తేడా 3.4. నిటారు మొక్కలో లాకేస్ 25.1, రిఫరెన్స్ 19.2, తేడా 5.9. రెండింటి మధ్య మైనస్ 2.5, అంటే 2ను 2.5 ఘాతానికి పెంచితే సుమారు 5.7 రెట్లు. ఇప్పుడు రిఫరెన్స్‌గా ట్యూబ్యులిన్ పెట్టామనుకుందాం, నిటారు మొక్కలో దాని సీటీ కూడా 19.2, కానీ కిందివైపు అది కూడా పెరిగి సీటీ 17.5కు దిగింది. కిందివైపు తేడా 4.9 అవుతుంది, నిటారు మొక్క 5.9తో పోలిస్తే ఫలితం కేవలం 2 రెట్లు. చెట్టు అదే, లాకేస్ అదే. కనీసం ఆరు అభ్యర్థి జన్యువులను జీనార్మ్ అనే లెక్కల సాధనంతో పరీక్షించి నిలకడగా ఉన్న రెండు మూడింటి సగటు వాడండి.

గణాంక పరీక్షలు రెట్ల మీద చేయొద్దు, సీటీ తేడాల మీద చేయండి. ఒకే చెట్టు నమూనాను క్యూపీసీఆర్ పలకలో మూడు గుంటల్లో వేస్తే అవి మూడు చెట్లు కావు.

ముందు దాచమన్న బెరడు వైపు నమూనా ఇప్పుడు అక్కరకొస్తుంది. ద్వితీయ గోడ సెల్యులోజ్ సింథేజ్ దారువు వైపు బాగా ఎక్కువగా, బెరడు వైపు చాలా తక్కువగా ఉండాలి. రెండు వైపులా దగ్గరదగ్గరగా వస్తే పలక ఊడిన గీత తప్పింది, లేదా ట్యూబులు తారుమారయ్యాయి. ఆ చెట్టును పట్టిక నుంచి తీసేయండి.

వంచి చూడటం

అడవి చెట్ల సగటుతో నియంత్రణ గురించి పెద్దగా చెప్పలేం. జన్యువుల వరస తెలియాలంటే ఏదో ఒకటి కదిలించాలి, అందుకు వంచడమే అతి చవకైన ప్రయోగం. రెండేళ్ల మొక్కలు 30 తీసుకోండి. పదిహేనింటిని వెదురు కర్రకు కట్టి 45 డిగ్రీలు వంచండి. మిగతా పదిహేనింటిని నిటారుగానే, కానీ అదే కర్రకు, అదే తాడుతో కట్టండి. కట్టడం, తాకడం వల్లే కొన్ని జన్యువులు మారతాయి. 1, 7, 21 రోజులకు ఒక్కో గుంపు నుంచి అయిదేసి మొక్కలు. వంచినవాటి పైవైపు, కిందివైపు విడిగా, నిటారువి ఒకటిగా తీస్తే మొత్తం 45 నమూనాలు. లేత కాండం గీకడానికి సన్నం కాబట్టి బెరడు ఒలిచి పైపొరను బ్లేడుతో పల్చగా చెక్కండి.

మొక్కలు విశాఖలోనే పెంచితే కుండీ మట్టిలో పదో వంతు పాత పైన్ తోట మట్టి కలపాలి. పైన్ వేళ్లకు శిలీంధ్రాల తోడు లేకపోతే భాస్వరం అందక మొక్క గిడసబారి ఎదగదు. ఉప్పు నీళ్ల బోరు అయితే వాన నీరు పట్టి పోయండి.

ప్రతి నమూనా పక్కన ఒక సెంటీమీటరు ముక్కను 70 శాతం ఇథనాల్‌లో దాచండి. తర్వాత దాన్ని అడ్డంగా పల్చగా కోసి 2 శాతం ఫ్లోరోగ్లుసినాల్, దానిపై గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే లిగ్నిన్ ఎర్రబడుతుంది. 21 రోజుల ముక్కలో కిందివైపు గుండ్రటి, మందపు గోడల కణాలు, వాటి మధ్య ఖాళీలు కనిపించాలి. కనిపించకపోతే మొక్క వంపుకు స్పందించలేదు, క్యూపీసీఆర్ ఏం చెప్పినా సరే. రంగు త్వరగా వెలిసిపోతుంది, ఫొటో వెంటనే తీయండి.

ఫలితం చదవడం

మొదటి రోజు ఎన్‌ఏసీ-1, ఎంవైబీ-4 లేచి, ఏడో రోజుకు లాకేస్, సీసీఓఏఓఎంటీ లేస్తే వరస అర్థవంతంగా ఉందనుకోవచ్చు. కానీ ఇది కాలక్రమం మాత్రమే, ఆజ్ఞ ఎవరిచ్చారన్నదానికి సాక్ష్యం కాదు. అన్నీ ఒకేసారి లేస్తే ముందు అనుమానించాల్సింది గీకుడు లోతును. ప్రాథమిక గోడ గుర్తు జన్యువు ఆ నమూనాల్లో పడిపోయి ఉందేమో చూడండి.

సందేశం తగ్గితే పదార్థం కూడా అదే కొలతలో తగ్గుతుందనీ అనుకోవద్దు. లాబ్లాలీ పైన్‌లో సీఏడీ దాదాపు పనిచేయని సహజ మార్పు చెట్టు ఒకటి ఉంది, దాని గురించి 1997లో ప్రచురించారు. లిగ్నిన్‌కు కావలసిన ముక్కలు తయారుచేసే దారిలో చివరి ఎంజైము దాదాపు లేకపోయినా ఆ చెట్టు లిగ్నిన్ వేసింది, మామూలు ముడిసరుకు బదులు డైహైడ్రోకోనిఫెరిల్ ఆల్కహాల్ లాంటివి చేర్చుకుని. కలప మాత్రం గోధుమ రంగుకు తిరిగింది. అందుకే సీఏడీ అంకె ఒక్కటి చూసి లిగ్నిన్ ఎంతో చెప్పే వాక్యం రాయకండి, లిగ్నిన్‌ను విడిగా కొలవండి.

ఫలానా ఎంవైబీయే ఫలానా జన్యువును నడిపిస్తోందని రాయాలంటే మూడు సాక్ష్యాలు కావాలి. ఆ జన్యువు ప్రమోటర్‌లో ఏసీ మూలకం ఉండాలి. ఆ ప్రోటీను దానికి అంటుకోవడం జెల్ షిఫ్ట్‌లో (ప్రోటీను అంటుకున్న డీఎన్‌ఏ జెల్‌లో నెమ్మదిగా కదిలే పరీక్షలో) కనిపించాలి. ప్రమోటర్‌కు లూసిఫెరేజ్ (వెలుగు ఇచ్చే ఎంజైము) జన్యువు తగిలించి, ఎంవైబీతో పాటు పొగాకు ఆకులోకో పైన్ ప్రోటోప్లాస్ట్‌లోకో పంపితే వెలుగు పెరగాలి, ఏసీ మూలకాన్ని చెడగొట్టిన జంట ప్రమోటర్‌లో పెరగకూడదు. జన్యుమార్పిడి పైన్ మొక్క పెంచి చూపడం వీటికంటే బలమైన సాక్ష్యమే, కానీ సోమాటిక్ పిండాల (మామూలు కణాల నుంచి ప్రయోగశాలలో పెంచే పిండాల) దారిలో ఏళ్లు పడుతుంది. రెండేళ్ల ప్రాజెక్టులో దాన్ని పెట్టుకోకండి. లూసిఫెరేజ్ పరీక్ష దాకా వెళ్లి, చెడగొట్టిన జంట ఫలితాన్ని పక్కనే ప్రచురించండి.